ఏప్యాక్ ఏడాది పని: వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ మద్దతు ఎలా తయారవుతుంది?

2024 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రం 16వ నియోజకవర్గంలో ఎవరి ఇంట్లో టీవీ పెట్టినా, అక్కడి డెమోక్రాటిక్ పార్టీ ప్రతినిధి జమాల్ బౌమన్‌ను తప్పుపట్టే ప్రకటనలే కనిపించేవి. బైడెన్ ప్రభుత్వం తెచ్చిన మౌలిక వసతుల బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారని, సొంత పార్టీకే అడ్డుపడుతున్నారని వాటి సారాంశం. ఆ ప్రకటనలకు డబ్బు పెట్టిన సంస్థ పేరు యునైటెడ్ డెమోక్రసీ ప్రాజెక్ట్. ఆ ఒక్క సీటు మీదే అది దాదాపు 1.45 కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. ప్రతినిధుల సభకు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో అప్పటిదాకా అంత ఖరీదైన పోటీ జరగలేదు. జూన్ 25న బౌమన్ సుమారు 17 శాతం ఓట్ల తేడాతో జార్జ్ లాటిమర్ చేతిలో ఓడిపోయారు.

ఆ సంస్థకు అసలు అభ్యంతరం రోడ్ల బిల్లు మీద కాదు. గాజాలో కాల్పుల విరమణ కావాలని బౌమన్ మొదటి నుంచీ అడిగారు. ఇజ్రాయెల్‌కు అమెరికా ఇచ్చే ఆయుధాలను ప్రశ్నించారు. ఆయనను ఓడించాలన్న నిర్ణయానికి కారణం అదే. టీవీ ముందు కూర్చున్న ఓటరుకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

యునైటెడ్ డెమోక్రసీ ప్రాజెక్ట్ వెనుక ఉన్నది అమెరికన్ ఇజ్రాయెల్ పబ్లిక్ అఫైర్స్ కమిటీ. పొడి అక్షరాల్లో ఏప్యాక్. (ఆంధ్రప్రదేశ్ ఎన్నికల పుణ్యమా అని మనకు బాగా తెలిసిన ఐప్యాక్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.) 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి, ఆ తర్వాత గాజాపై యుద్ధం మొదలైనప్పటి నుంచి ఈ పేరు తెలుగు చర్చల్లోనూ తరచుగా వినిపిస్తోంది. అయితే వినిపించే తీరు రెండు విధాలుగా ఉంటుంది. అమెరికాను నడిపేదే ఇజ్రాయెల్ లాబీ అని కొందరు తేల్చేస్తారు. అమెరికా తన స్వార్థం కోసమే అన్నీ చేస్తుంది, లాబీ అనేది ఒక సాకు మాత్రమేనని మరికొందరు కొట్టిపారేస్తారు. జనవరి నుంచి డిసెంబర్ దాకా ఈ సంస్థ రోజూ ఏం చేస్తుందో ఈ రెండు వాదనల్లో ఎవరూ అడగరు. అది అడిగితేనే దాని బలం ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో తెలుస్తుంది.

ఎలా పుట్టింది

ఏప్యాక్ చరిత్ర ఒక పాత్రికేయుడితో మొదలవుతుంది. ఆయన పేరు ఐసయా కెనెన్. ఇజ్రాయెల్ ఏర్పడిన తొలి సంవత్సరాల్లో ఆ దేశ ప్రభుత్వం తరఫునే అమెరికాలో ప్రచార వ్యవహారాలు చూసేవారు. 1951లో, యూదులకు సొంత దేశం ఉండాలన్న ఉద్యమానికి చెందిన అమెరికన్ జయనిస్ట్ కౌన్సిల్ తరఫున అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ సభ్యులను కలవడం మొదలుపెట్టారు. శరణార్థులతో కిక్కిరిసిపోయిన కొత్త దేశానికి ఆర్థిక సాయం కావాలన్నది ఆయన కోరిక. ఆ ఏడాది కాంగ్రెస్ 6.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. విదేశాంగ శాఖ అధికారులకు అరబ్ దేశాలతో సంబంధాలు ముఖ్యం. వాళ్ల దగ్గర కుదరని పని కాంగ్రెస్ దగ్గర కుదురుతుందని కెనెన్ అప్పుడే గ్రహించారు. ఏడు దశాబ్దాల తర్వాత కూడా ఏప్యాక్ వ్యూహానికి ఇరుసు ఇదే.

1953 అక్టోబర్‌లో ఇజ్రాయెల్ సైనికులు వెస్ట్ బ్యాంక్‌లోని ఖిబ్యా గ్రామంపై దాడి చేసి 60 మందికి పైగా పాలస్తీనా పౌరులను చంపారు. ప్రపంచమంతా ఖండించింది. జోర్డాన్ నదీజలాల మళ్లింపు విషయంలో ఐజెన్‌హోవర్ ప్రభుత్వం అప్పటికే ఇజ్రాయెల్‌కు సాయం ఆపి ఉంది. ఈ వాతావరణంలో 1954లో కెనెన్ ప్రత్యేకంగా ఒక లాబీయింగ్ సంస్థను పెట్టారు. 1959లో దానికే ఇప్పటి పేరు వచ్చింది.

ఇక్కడ ఒక చట్టపరమైన విషయాన్ని విడదీసి చెప్పుకోవాలి. విదేశీ ప్రభుత్వం తరఫున పనిచేసేవాళ్లు అమెరికా న్యాయశాఖ దగ్గర నమోదు చేసుకోవాలని 1938 నాటి చట్టం చెబుతోంది. ఏప్యాక్ అలా నమోదు కాలేదు. తాము అమెరికా పౌరులమని, తమ డబ్బు అమెరికన్ల విరాళాల నుంచే వస్తుందని, ఇజ్రాయెల్ ప్రభుత్వం నుంచి ఆదేశాలు తీసుకోమని దాని సమాధానం. చట్టం దృష్టిలో ఆ సమాధానం నిలిచింది. ఇజ్రాయెల్‌లో ఏ ప్రభుత్వం ఉన్నా దాని విధానాన్ని బహిరంగంగా విమర్శించకుండా సమర్థించే సంస్థను ఆ దేశ ప్రభుత్వం నుంచి ఎంతవరకు వేరు చేసి చూడాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. చట్టం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు.

ఒక ఏడాది ఎలా గడుస్తుంది

అమెరికా అధ్యక్షుడు ఏటా సాధారణంగా ఫిబ్రవరి ప్రాంతంలో బడ్జెట్ ప్రతిపాదన పంపుతారు. ఏప్యాక్‌కు అసలు పని మొదలయ్యేది అక్కడి నుంచే. ఒబామా ప్రభుత్వం 2016లో కుదుర్చుకున్న అవగాహన ఒప్పందం ప్రకారం 2019 నుంచి 2028 వరకు పదేళ్లలో ఇజ్రాయెల్‌కు 3,800 కోట్ల డాలర్లు ఇవ్వాలి. అంటే ఏటా 380 కోట్లు: ఆయుధాల కొనుగోలుకు 330 కోట్లు, క్షిపణి నిరోధక వ్యవస్థలకు 50 కోట్లు. అయితే ఒప్పందం కుదిరినంత మాత్రాన డబ్బు రాదు. ప్రతి సంవత్సరం కాంగ్రెస్ దానిని మళ్లీ ఆమోదించాలి. మొదటి మొత్తం విదేశీ వ్యవహారాల కేటాయింపుల ఉపసంఘం గుండా వస్తుంది. ఐరన్ డోమ్, డేవిడ్స్ స్లింగ్, యారో లాంటి వ్యవస్థలకు ఇచ్చే సొమ్ము రక్షణ శాఖ బిల్లుల్లో వస్తుంది. ఈ రెండు దారుల్లోనూ ఉపసంఘం సభ్యులు, వాళ్ల సహాయకులు, సభలో ఓటింగు, సెనేట్‌తో సర్దుబాటు అని ఎన్నో మజిలీలు ఉంటాయి. అన్నిచోట్లా ఏప్యాక్ మనుషులు ఉంటారు.

అంకెల కన్నా షరతులు ఎక్కువ మాట్లాడతాయి. మిగతా దేశాలకు సైనిక సాయం విడతలుగా అందుతుంది. ఇజ్రాయెల్‌కు మాత్రం బిల్లు చట్టమైన 30 రోజుల్లోపు మొత్తం సొమ్ము ఒకేసారి విడుదల చేయాలని ఏటా చట్టంలోనే రాస్తారు. ఆ సొమ్ము అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్‌లో వడ్డీ వచ్చే ఖాతాలో పడుతుంది. పశ్చిమాసియాలో మరే దేశానికి అమెరికా ఆయుధాలు అమ్మినా ఇజ్రాయెల్ సైనిక ఆధిక్యం దెబ్బతినకూడదని 2008లో చట్టం చేశారు. ఇలాంటి వాక్యాలు వార్తల్లోకి రావు. వందల పేజీల బిల్లులో ఒక మూల ఉంటాయి. వాటిని రాయించడం, మరుసటి ఏడాది ఎవరూ తీసేయకుండా కాపాడుకోవడం ఒక వృత్తి. ఏప్యాక్‌లో ఆ వృత్తిని దశాబ్దాలుగా చేస్తున్నవాళ్లు ఉన్నారు. హోవర్డ్ కోర్ అనే ఒక్క వ్యక్తే 1996 నుంచి 2024 వరకు దానికి సారథిగా ఉన్నారు. ఆ కాలంలో శ్వేతసౌధంలో ఐదుగురు అధ్యక్షులు మారారు.

మార్చి నెల మరో రకం పనికి కేటాయించి ఉండేది. వాషింగ్టన్‌లో ఏటా జరిగే విధాన సదస్సుకు దేశం నలుమూలల నుంచి సభ్యులు వచ్చేవారు. 2020 మార్చిలో జరిగిన చివరి పెద్ద సదస్సుకు 18,000 మందికి పైగా హాజరయ్యారు. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, ఇజ్రాయెల్ ప్రధానులు ఆ వేదిక మీద మాట్లాడేవారు. టీవీల్లో కనిపించేది ఆ ప్రసంగాలే. నా దృష్టిలో వాటికన్నా ముఖ్యమైనది చివరి రోజు కార్యక్రమం. ఆ రోజు సభ్యులంతా నియోజకవర్గాల వారీగా విడిపోయి కాపిటల్ భవనానికి వెళ్లి తమ తమ ప్రతినిధులను కలిసేవారు. ప్రతి బృందం చేతిలో ఒకే కోరికల జాబితా: ఫలానా బిల్లుకు మద్దతివ్వండి, ఫలానా లేఖ మీద సంతకం పెట్టండి, ఫలానా నిధికి కోత పడకుండా చూడండి.

టెక్సస్‌లోనో అయోవాలోనో ఒక మారుమూల నియోజకవర్గం ప్రతినిధి పరిస్థితి ఊహించండి. ఆయనకు పశ్చిమాసియా గురించి పెద్దగా తెలియదు. ఆయన కార్యాలయంలో విదేశీ వ్యవహారాలు చూసేది పాతికేళ్లు దాటీ దాటని సహాయకుడు, అతనికే వ్యవసాయం, పన్నులు, మరో నాలుగు శాఖలు కూడా అప్పగించి ఉంటారు. అప్పుడు సొంత ఊరి డాక్టరు, సొంత ఊరి వ్యాపారి వచ్చి మర్యాదగా ఒక కాగితం ఇస్తారు. అందులో సమస్య, నేపథ్యం, ఎలా ఓటేయాలి అన్నీ సిద్ధంగా ఉంటాయి. సంతకం పెడితే ఒక వర్గం గుర్తుపెట్టుకుంటుంది. పెట్టకపోతే అదే వర్గం మరింత బాగా గుర్తుపెట్టుకుంటుంది. అవతలి వాదన చెప్పడానికి ఆ రోజు గుమ్మంలో నిలబడినవాళ్లు ఎవరూ లేరు. ఈ లెక్కలో ఏ కుట్రా అవసరం లేదు. ఒక విషయం గురించి కొద్దిమంది గట్టిగా పట్టించుకుని, మిగతా అందరూ ఉదాసీనంగా ఉంటే ప్రజాస్వామ్యంలో జరిగేది ఇదే.

లేఖల బలం చిన్నదేమీ కాదు. 1975లో అధ్యక్షుడు ఫోర్డ్, సినాయ్ ప్రాంతం గురించి ఈజిప్టుతో సాగుతున్న చర్చల్లో ఇజ్రాయెల్ పట్టు విడవడం లేదన్న అసంతృప్తితో ఆ దేశంతో సంబంధాలను పునఃసమీక్షిస్తానని ప్రకటించారు. మే నెలలో 76 మంది సెనేటర్లు సంతకం చేసిన లేఖ ఆయనకు అందింది. ఇజ్రాయెల్‌కు సైనిక, ఆర్థిక సాయం కొనసాగించాలని అందులో కోరారు. నూరు మంది సభలో 76 మంది ఒకవైపు నిలబడ్డాక పునఃసమీక్షకు మిగిలేది ఏముంది? లేఖకు చట్టబలం లేదు. అధ్యక్షుడు ఎంత దూరం వెళ్లగలడో అది ముందుగానే గీత గీసి చూపిస్తుంది.

ఎన్నికలు లేని ఏళ్లలో ఆగస్టు నెల ప్రయాణాలది. కాంగ్రెస్‌కు సెలవులు. కొత్తగా గెలిచిన సభ్యులను వారం రోజులపాటు ఇజ్రాయెల్ తీసుకెళతారు. 2019 ఆగస్టులో స్టెనీ హోయర్ నాయకత్వంలో 41 మంది డెమోక్రాట్లు, కెవిన్ మెక్‌కార్తీ నాయకత్వంలో 31 మంది రిపబ్లికన్లు వెళ్లారు. అమెరికా చట్టాల ప్రకారం లాబీయిస్టులను నియమించుకునే సంస్థలు కాంగ్రెస్ సభ్యులకు ఇలాంటి సుదీర్ఘ ప్రయాణాలు ఏర్పాటు చేయకూడదు. అందుకే ఖర్చు భరించేది ఏప్యాక్ కాదు, దానికి అనుబంధమైన అమెరికన్ ఇజ్రాయెల్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ. చట్టాన్ని దాటకుండానే చట్టం ఉద్దేశాన్ని దాటే దారి ఇది. ఇజ్రాయెల్ ప్రధానితో సమావేశం, సరిహద్దుల సందర్శన, భద్రతా అధికారుల వివరణ, సాధారణంగా రమల్లాలో పాలస్తీనా నాయకులతో ఒక భేటీ ఆ ప్రయాణాల్లో ఉంటాయి. వెళ్లొచ్చిన ప్రతినిధికి తర్వాత ఆ ప్రాంతం గురించి ఏ వార్త విన్నా మనసులో మెదిలే దృశ్యాలు ఆ వారంలో చూసినవే.

ఇంత పనికి లాబీయింగ్ ఖర్చుగా ఏప్యాక్ ప్రభుత్వానికి చూపించే మొత్తం ఇటీవలి ఏళ్లలో ఏటా సుమారు 30 లక్షల డాలర్లు. అమెరికా వాణిజ్య మండలి, మందుల కంపెనీల సంఘం పెట్టే ఖర్చు ముందు అది చాలా తక్కువ. వాషింగ్టన్‌లో డబ్బు ఒక్కటే పలుకుబడి అయితే ఏప్యాక్ పేరు ఎవరికీ తెలిసేది కాదు. దాని బలం ప్రతి నియోజకవర్గంలోనూ ఉన్న మనుషుల్లో ఉంది. ఏటా అదే పనిని ఓపికగా మళ్లీ చేయడంలో ఉంది.

ఎక్కడ ఓడిపోయింది

ఏప్యాక్‌ను సర్వశక్తిమంతంగా చూసేవాళ్లు దాని ఓటములను లెక్కలోకి తీసుకోరు. అవి చిన్నవి కావు.

1981లో రీగన్ ప్రభుత్వం సౌదీ అరేబియాకు అవాక్స్ నిఘా విమానాలతో కలిపి 850 కోట్ల డాలర్ల ఆయుధాలు అమ్మాలనుకుంది. ఏప్యాక్ తన బలమంతా పెట్టి ఎదిరించింది. ప్రతినిధుల సభలో 301–111 తేడాతో గెలిచింది. సెనేట్‌లో రీగన్ ఒక్కొక్క సెనేటర్‌తో స్వయంగా మాట్లాడి అక్టోబర్ 28న 52–48తో అమ్మకాన్ని నెగ్గించుకున్నారు. 1991లో సోవియట్ యూదు వలసదారుల కోసం ఇజ్రాయెల్ 1,000 కోట్ల డాలర్ల రుణ హామీలు అడిగితే, పెద్ద బుష్ వాటిని 120 రోజులు వాయిదా వేయమన్నారు. వెయ్యి మందికి పైగా లాబీయిస్టులు కాపిటల్‌ను చుట్టుముట్టిన రోజున ఆయన విలేకరుల ముందు తనను ఒంటరివాడిగా వర్ణించుకుని ప్రజల మద్దతు కోరారు. వాయిదా ఖాయమైంది. 2013లో సిరియాపై సైనిక దాడికి అనుమతి ఇవ్వాలని ఏప్యాక్ కాంగ్రెస్‌ను కోరింది. యుద్ధాలతో విసిగిపోయిన ప్రజలు తమ ప్రతినిధులకు ఫోన్లు చేసి వద్దన్నారు. ఆ తీర్మానం పూర్తి సభలో ఓటింగుకే రాలేదు.

అన్నిటికన్నా పెద్ద ఓటమి 2015లో ఇరాన్ అణు ఒప్పందం. ప్రధాని నెతన్యాహు మార్చి 3న అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి సిట్టింగ్ అధ్యక్షుడి విధానాన్ని వ్యతిరేకించారు. ఏప్యాక్ ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టి కోట్ల డాలర్ల ప్రకటనలు ఇచ్చింది. సెప్టెంబర్‌లో ఒప్పందాన్ని తిరస్కరించే తీర్మానానికి సెనేట్‌లో 58 ఓట్లు వచ్చాయి, చర్చ ముగించి తుది ఓటింగుకు వెళ్లడానికి కావలసినవి 60. ఒప్పందం నిలిచింది. మూడేళ్ల తర్వాత ట్రంప్ దాని నుంచి వైదొలిగారు. అది ఆయన సొంత ఎన్నికల హామీ కూడా.

ఈ ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. అధ్యక్షుడు ఒక విషయాన్ని తన ప్రతిష్ఠకు సంబంధించినదిగా తీసుకుని దేశ భద్రత పేరుతో బహిరంగంగా పోరాడితే ఏప్యాక్ తరచుగా ఓడిపోతుంది. అధ్యక్షుడికి పట్టింపు లేనిచోట, వార్తాపత్రికలు చూడనిచోట, కేటాయింపుల్లో, షరతుల్లో, లేఖల్లో దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది. ఓడినప్పుడు కూడా పోరాటానికి ఎంత రాజకీయ మూల్యం చెల్లించాలో అవతలివాళ్లకు తెలిసొస్తుంది. అందుకే తర్వాతి అధ్యక్షులు చాలా సందర్భాల్లో పోరాటానికే దిగరు.

1984లో ఇల్లినాయ్ సెనేటర్ చార్లెస్ పెర్సీ ఓటమి ఇలాగే ఒక పాఠంగా మిగిలింది. ఆయన సెనేట్ విదేశీ వ్యవహారాల సంఘానికి అధ్యక్షుడు, అవాక్స్ అమ్మకానికి ఓటేసినవాడు. కాలిఫోర్నియాకు చెందిన ఒక వ్యాపారి ఆయనకు వ్యతిరేకంగా సొంతంగా పది లక్షల డాలర్లకు పైగా ఖర్చు చేశారు. పెర్సీ ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి, సొంత పార్టీలోని సంప్రదాయవాదులు కూడా ఆయనకు దూరమయ్యారు. అయినా ఏప్యాక్ అధినేత థామస్ డైన్ ఆ ఓటమి ఘనతను బహిరంగంగా తమ ఖాతాలో వేసుకున్నారు. పదవిలో ఉన్నవాళ్లకు ఆ సందేశం చేరింది.

మరి లాబీ లేకపోతే అమెరికా విధానం మారిపోయేదా? చాలావరకు మారేది కాదని నేను అనుకుంటున్నాను. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ అనుకూల అరబ్ దేశాలకు ఎదురుగా ఇజ్రాయెల్ అమెరికాకు ఉపయోగపడింది. సైనిక సాయంలో అత్యధిక భాగం తిరిగి అమెరికా ఆయుధ కంపెనీలకే చేరుతుంది. 2006లో పాస్టర్ జాన్ హేగీ స్థాపించిన క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్ లాంటి సువార్త క్రైస్తవ సంస్థల వెనుక ఉన్న ఓటర్లు అమెరికా యూదుల మొత్తం సంఖ్యకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రిపబ్లికన్ పార్టీని కదిలించేది వాళ్లే. యూదులందరిదీ ఒకే మాట అనుకోవడం కూడా తప్పు. వెస్ట్ బ్యాంక్ ఆక్రమణను వ్యతిరేకిస్తూ, రెండు దేశాల పరిష్కారం కోరుతూ 2008లో జె స్ట్రీట్ అనే సంస్థను పెట్టింది యూదులే. యూదులే ప్రపంచాన్ని నడుపుతున్నారన్న మాట యూరప్‌లో శతాబ్దాలపాటు ఎంత రక్తాన్ని పారించిందో తెలిసినవాళ్లెవరూ ఏప్యాక్ విమర్శలో ఆ మాటకు చోటివ్వకూడదు. అది ద్వేషం. దానివల్ల అసలు ప్రశ్న కూడా మరుగున పడుతుంది.

లాబీ సాధించిన మార్పు వేరే చోట ఉంది. షరతులు పెట్టే అవకాశాన్ని అది మూసేసింది. మానవ హక్కులను తీవ్రంగా ఉల్లంఘించే సైనిక దళాలకు సాయం చేయకూడదని సెనేటర్ పాట్రిక్ లీహీ పేరున్న చట్టం చెబుతోంది. ఇజ్రాయెల్ దళాల విషయంలో ఆ చట్టాన్ని కచ్చితంగా వర్తింపజేయాలని లీహీ స్వయంగా ఎన్నోసార్లు అడిగారు. 2023 అక్టోబర్ 7న దాదాపు 1,200 మంది చనిపోయారు, సుమారు 250 మందిని బందీలుగా తీసుకెళ్లారు. ఆ తర్వాత గాజాలో 2025 జులై చివరికి మరణాలు 60,000 దాటాయని అక్కడి ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఇంత జరుగుతున్నప్పుడు 2024 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ ఇజ్రాయెల్‌కు అదనపు సాయం బిల్లును 366–58 ఓట్లతో ఆమోదించింది. గాజా తదితర ప్రాంతాలకు మానవతా సాయం కూడా అదే బిల్లులో ఉంది. ఆయుధాల వాడకం మీద మాత్రం కొత్త షరతు ఒక్కటీ లేదు. పసిపిల్లల శవాలు తెల్లగుడ్డల్లో చుట్టి వరుసగా పెట్టిన రోజుల్లో కూడా ఆ చర్చకు సభలో చోటు దొరకలేదన్నది నన్ను ఇప్పటికీ కలచివేసే విషయం.

2021 మలుపు

అభ్యర్థులకు డబ్బిచ్చే రాజకీయ కమిటీలను అమెరికాలో ప్యాక్ అంటారు. ఏప్యాక్ పేరు చివర ప్యాక్ అని ఉన్నా అది మొదటి 60 ఏళ్లకు పైగా అభ్యర్థులకు నేరుగా డబ్బు ఇచ్చిన సంస్థ కాదు. దాని సభ్యులు వ్యక్తిగతంగా విరాళాలు ఇచ్చేవారు. ఏప్యాక్ స్వయంగా ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించేది కాదు. రెండు పార్టీలూ తనవేనని చెప్పుకోగలగడమే దాని గొప్ప ఆస్తి.

2021 డిసెంబర్‌లో ఆ పద్ధతి మారింది. అభ్యర్థులకు విరాళాలిచ్చే కమిటీ ఒకటి, అపరిమితంగా ఖర్చు పెట్టగల సూపర్ ప్యాక్ ఒకటి పెడుతున్నట్టు ప్రకటించింది. మొదట చెప్పుకున్న యునైటెడ్ డెమోక్రసీ ప్రాజెక్ట్ ఆ సూపర్ ప్యాకే. 2010లో కోర్టు తీర్పులు ఈ సూపర్ ప్యాక్‌లకు తలుపు తెరిచాయి: అభ్యర్థితో సమన్వయం లేకుండా ఉంటే ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు. డెమోక్రాటిక్ పార్టీలో ఇజ్రాయెల్‌ను విమర్శించే యువ నాయకులు గెలుస్తుండడం ఏప్యాక్‌ను కలవరపెట్టింది. వాళ్లను ఆపడానికి సరైన చోటు ప్రైమరీ. ఓటింగు తక్కువ, ప్రకటనల ప్రభావం ఎక్కువ.

2022లో మేరీల్యాండ్‌లో డోనా ఎడ్వర్డ్స్, మిషిగన్‌లో ఆండీ లెవిన్ ఓడిపోయారు. లెవిన్ యూదుడే, ఒకప్పుడు తన యూదు ప్రార్థనా మందిరానికి అధ్యక్షుడిగా పనిచేసినవాడు. అదే ఏడాది 2020 ఎన్నికల ఫలితాలను ధ్రువీకరించడానికి నిరాకరించిన రిపబ్లికన్లు వంద మందికి పైగా ఏప్యాక్ మద్దతు పొందారు. ప్రజాస్వామ్య పునాదిని ప్రశ్నించినవాళ్లను కూడా ఇజ్రాయెల్ ఒక్క గీటురాయి మీదే కొలిచి మంచివాళ్లని తేల్చడం చాలామంది పాత మద్దతుదారులకే మింగుడు పడలేదు. 2024లో బౌమన్ తర్వాత మిస్సోరీలో కోరీ బుష్ ఓడిపోయారు. అక్కడ సూపర్ ప్యాక్ ఖర్చు 85 లక్షల డాలర్ల దాకా వెళ్లింది. ఆ ఎన్నికల చక్రంలో ఏప్యాక్, దాని సూపర్ ప్యాక్ కలిసి పెట్టిన ఖర్చు పది కోట్ల డాలర్లు దాటింది.

ఈ విజయాలను కొంచెం జాగ్రత్తగా చదవాలి. లాటిమర్ ఆ ప్రాంతంలో ఎంతో కాలంగా పేరున్న నాయకుడు, బౌమన్‌కు సొంత ఇబ్బందులు ఉన్నాయి. మద్దతిచ్చిన అభ్యర్థుల్లో దాదాపు అందరూ గెలిచారని ఏప్యాక్ చెప్పుకునే మాటలో, ఎలాగూ గెలిచే సురక్షిత స్థానాల వాళ్లే ఎక్కువ. డబ్బు పారించినా గెలవని చోట్లు ఉన్నాయి. పెన్సిల్వేనియాలో సమ్మర్ లీ 2022లో స్వల్ప ఆధిక్యంతో నెగ్గుకొచ్చారు. కాలిఫోర్నియాలో డేవ్ మిన్‌కు వ్యతిరేకంగా 40 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టినా ఆయన గెలిచారు. మిషిగన్‌లో బెళగావి ప్రాంతం నుంచి వలస వెళ్లిన శ్రీ థానేదార్ మీద 2022లో ఆడమ్ హాలియర్ కోసం 40 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించారు. థానేదార్ గెలిచారు. గెలిచాక ఆయనే ఇజ్రాయెల్ పక్షాన గట్టిగా నిలబడ్డారు, తర్వాత ఏప్యాక్ మద్దతు కూడా పొందారు. ఓడించలేకపోయినా దారికి తెచ్చుకోవచ్చని ఆ ఉదాహరణ చెబుతోంది.

నాకు అన్నిటికన్నా అభ్యంతరంగా అనిపించేది ఖర్చు పరిమాణం కాదు. ఇజ్రాయెల్ విధానం మీద ఒక అభ్యర్థిని ఓడించాలనుకుంటే ఆ మాట ఓటరుకు చెప్పి ఓడించాలి. మీ ప్రతినిధి కాల్పుల విరమణ అడిగారు, మేము అది తప్పంటున్నాము, మీరు ఏమంటారు అని అడగాలి. అలా అడిగితే డెమోక్రాటిక్ ఓటరు ఏం చెబుతాడో ఏప్యాక్‌కు తెలుసు కాబట్టే రోడ్ల బిల్లు గురించి ప్రకటనలు ఇచ్చింది. తాము దేని మీద తీర్పు ఇస్తున్నారో తెలియని ఓటర్ల తీర్పును విదేశాంగ విధానానికి ప్రజామోదంగా చూపించడం ప్రజాస్వామ్యానికి చేసే అన్యాయం.

భారతీయ అమెరికన్ల కోణం

ఈ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు. 2002లో అమెరికాలో ఏర్పడిన యూఎస్ ఇండియా పొలిటికల్ యాక్షన్ కమిటీ యూదు సంస్థల పనితీరును ఆదర్శంగా తీసుకుంది. 2003 జులైలో కాపిటల్ భవనంలో ఏప్యాక్, అమెరికన్ జ్యూయిష్ కమిటీలతో కలిసి ఉమ్మడి కార్యక్రమం కూడా నిర్వహించింది. భారత్–అమెరికా అణు ఒప్పందం కోసం భారతీయ అమెరికన్లు 2006 నుంచి 2008 దాకా చేసిన పని చూస్తే ఆ పాఠాలు గుర్తుపట్టవచ్చు: నియోజకవర్గాల వారీగా ప్రతినిధులను కలవడం, లేఖలు, విందులు, విరాళాలు. 2008 అక్టోబర్‌లో సెనేట్ ఆ ఒప్పందాన్ని 86–13తో ఆమోదించింది. అమెరికాలోని తెలుగు సంఘాల మహాసభల వేదికల మీద కాంగ్రెస్ సభ్యులు కనిపించడం కూడా ఇప్పుడు మామూలే. వలస వెళ్లిన సమాజం తన మాతృదేశం గురించి పట్టించుకోవడం, ప్రతినిధుల తలుపు తట్టడం పౌరహక్కు. యూదు అమెరికన్లకు ఆ హక్కు లేదనడం తప్పు. మనకు ఉండాలనుకునే హక్కును వాళ్లకు కాదనలేం. ఆ హక్కుతో అడుగుతున్నదేమిటి, దాని ఫలితం ఎవరి మీద పడుతోంది అన్న ప్రశ్న మాత్రం ఎవరు అడుగుతున్నా వేయాల్సిందే.

ఇప్పుడు కదులుతున్నది

దశాబ్దాలపాటు రెండు పార్టీలనూ ఒకేచోట నిలబెట్టిన ఏకాభిప్రాయం ఇప్పుడు చీలుతోంది. ఇజ్రాయెల్ పట్ల ప్రతికూల అభిప్రాయం ఉన్న అమెరికన్లు 2022లో 42 శాతం కాగా 2025లో 53 శాతానికి చేరారని ప్యూ పరిశోధన సంస్థ సర్వేలో తేలింది. గాజాలో సైనిక చర్యను సమర్థించే డెమోక్రాట్లు 8 శాతమేనని 2025 జులైలో గాలప్ సర్వే సంస్థ చెప్పింది. అదే నెల 30న, ఇజ్రాయెల్‌కు తుపాకుల అమ్మకాన్ని ఆపాలని బెర్నీ శాండర్స్ తెచ్చిన తీర్మానానికి సెనేట్‌లో 27 మంది డెమోక్రాటిక్ పక్ష సభ్యులు ఓటేశారు. తీర్మానం ఓడిపోయింది. సెనేట్‌లో ఆ పక్షానికి ఉన్నది 47 మంది, అంటే సగానికి పైగా ఆయుధాలు ఆపమన్నారు. పదేళ్ల క్రితం ఇలాంటి తీర్మానానికి పది ఓట్లు వస్తాయని కూడా ఎవరూ అనుకుని ఉండరు.

2022లో నార్త్ కరోలినాలో ఏప్యాక్ సూపర్ ప్యాక్ ఇరవై లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి గెలిపించిన వాలెరీ ఫౌషీ, 2025 ఆగస్టులో ఇకపై ఆ సంస్థ డబ్బు తీసుకోనని ప్రకటించారు. మసాచుసెట్స్‌కు చెందిన సేత్ మౌల్టన్ ఏప్యాక్ విరాళాలను తిరిగి ఇచ్చేస్తానన్నారు. రిపబ్లికన్లలోనూ థామస్ మాసీ లాంటివాళ్లు ఏప్యాక్‌ను బహిరంగంగా ఎదిరిస్తున్నారు. ఎన్నికల్లో బహిరంగంగా దిగడం వల్ల ఏప్యాక్ సీట్లు గెలిచింది. ఆ క్రమంలో దాని పేరే ప్రైమరీల్లో ఒక ఎన్నికల అంశమైంది. వెలుతురు పడనిచోట పనిచేయడంలో ఉన్న పాత సౌలభ్యం పోయింది.

2016 నాటి పదేళ్ల ఒప్పందం 2028తో ముగుస్తుంది. దాని తర్వాత వచ్చేది ఎంత మొత్తానికి, ఎన్నేళ్లకు, ఏ షరతులతో అన్నది తేల్చాల్సి ఉంది. అధ్యక్షుడు ఏ ఒప్పందం మీద సంతకం పెట్టినా ఏటా డబ్బు మంజూరు చేయాల్సింది కాంగ్రెసే. ఆ కాంగ్రెస్‌లో కూర్చోబోయేవాళ్లలో చాలామంది తమ ప్రైమరీలో ఇజ్రాయెల్‌కు ఆయుధ సాయం గురించి సూటిగా జవాబు చెప్పి వచ్చినవాళ్లే అయివుంటారు.